తీరని ఆందోళనకు ఏ వైద్యం: మాత్రలా, థెరపీనా, యోగానా?

ఆరేళ్లపాటు నా హ్యాండ్‌బ్యాగులో ఒక చిన్న కాగితపు పొట్లం ఉండేది. అందులో బ్లేడుతో రెండు ముక్కలు చేసిన ఆల్ప్రజోలమ్ అనే ఆందోళన తగ్గించే మాత్ర. దాన్ని రోజూ వేసుకునేదాన్ని కాదు. కానీ అది లేకుండా గుమ్మం దాటేదాన్ని కాదు. మా ఇల్లు కొవ్వూరు, ఉద్యోగం రాజమహేంద్రవరం. రోజూ బస్సులో గోదావరి మీద రోడ్డు కం రైలు వంతెన దాటాలి. సగం దూరం వచ్చేసరికి గుండె దడదడలాడేది. అరచేతులు చెమటతో తడిసిపోయేవి. ఇక్కడ బస్సు ఆగిపోతే దిగిపోవడానికి దారి లేదే అన్న ఆలోచన ఒక్కటే బుర్రలో మిగిలేది. వేళ్లు వాటంతట అవే బ్యాగులోకి వెళ్లి పొట్లాన్ని తడిమి చూసుకునేవి. ఉందని తెలిస్తే చాలు, ఊపిరి ఆడేది.

ఆ ఆరేళ్లలో గుండె డాక్టరు, కడుపు డాక్టరు, నరాల డాక్టరు, తాయెత్తు కట్టిన పెద్దాయన, ఆఖరున మానసిక వైద్యుడు, సైకాలజిస్టు, ఇంతమంది గడపలు ఎక్కాను. ఎవరినీ తప్పు పట్టడం లేదు. కానీ ఏ గడప ముందు ఎక్కాలో, ఎక్కడ ఎంతకాలం ఓపిక పట్టాలో చెప్పేవాళ్లు ఒక్కరు ఉన్నా నా కష్టం చాలా ముందే తేలికయ్యేది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో ఆందోళన, కుంగుబాటు వంటి సాధారణ మానసిక సమస్యలున్నవారిలో 80 శాతానికి పైగా సరైన చికిత్స అందనివారే. వారిలో చాలామంది నాలాగే ఆసుపత్రులకు తిరుగుతూనే తప్పు వరసలో నిలబడి ఉంటారని నా నమ్మకం.

నేను ఆలస్యంగా నేర్చుకున్న కొలబద్ద ఒకటుంది. మీ ముందున్న ప్రతి మార్గాన్నీ, అది మాత్ర కానివ్వండి, పరీక్ష కానివ్వండి, ఇంట్లోవాళ్ల ఓదార్పు కానివ్వండి, దానితో కొలవండి. ఇది నాకు ఈ గంటకు హాయినిస్తుందా, వచ్చే ఏడాదికి హాయినిస్తుందా? ఈ రెండూ చాలాసార్లు ఒకటి కావు. గంటలో హాయినిచ్చేవి చాలా వరకు ఆందోళనను పెంచి పోషిస్తాయి. ‘అది లేకపోతే ఏమైపోయేదాన్నో’ అన్న నమ్మకాన్ని వాడిన ప్రతిసారీ ఇంకొంచెం గట్టిపరుస్తాయి.

ముందు ఒంటిని చూపించుకోండి, ఒక్కసారి

థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, అన్నీ అచ్చం ఆందోళనలాగే ఉంటాయి. రక్తహీనత ఉన్నా దడ వస్తుంది. ఉబ్బసానికి వాడే కొన్ని ఇన్‌హేలర్లు గుండె వేగాన్ని పెంచుతాయి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అయిదారు కాఫీలు తాగే అలవాటుంటే దాని వంతు దానికీ ఉంటుంది. కాబట్టి మామూలు డాక్టరు దగ్గరకు వెళ్లి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, షుగరు, ఒక ఈసీజీ చేయించుకోవడం మొదటి మెట్టు. మొదటిసారి ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు ఇది కంగారేలే అని మీకు మీరే తీర్మానించుకోవద్దు. ఆసుపత్రికి వెళ్లండి.

చిక్కంతా ఆ తర్వాత మొదలవుతుంది. ఒక రాత్రి పదకొండున్నరకు మా వారు నన్ను స్కూటరు మీద ఎక్కించుకుని నర్సింగ్ హోముకు తీసుకెళ్లారు. నర్సు ఛాతీ మీద చల్లటి జెల్లు రాసి తీగలు తగిలించింది. యంత్రంలోంచి గులాబీ రంగు గళ్ల కాగితం సర్రున బయటికి వచ్చింది. కుర్ర డాక్టరు దాన్ని దీపం కింద పట్టుకుని చూసి, ‘‘ఏమీ లేదమ్మా, గ్యాస్ అయి ఉంటుంది. ఇంటికి వెళ్లి పడుకోండి’’ అన్నాడు. ఆ మాటతో ప్రాణం లేచి వచ్చింది. మర్నాడు పొద్దున వంతెన ఎక్కేదాకా అది నిలబడింది.

మా బీరువాలో అలాంటి గళ్ల కాగితాలు 11 ఉన్నాయి. మొదటిది అవసరమే. మరో డాక్టరు దగ్గర తీయించుకున్న రెండోది, పోనీ అనుకుందాం. మిగిలిన తొమ్మిదీ నా మాత్ర పొట్లానికి అన్నదమ్ములు. పరీక్ష బాగుందని డాక్టరు చెప్పాక, కొత్త లక్షణమేదీ లేకుండానే మళ్లీ మళ్లీ పరీక్షలకు వెళ్లాలనిపిస్తుంటే వైద్యం చేయించుకోవలసింది ఆ అనిపించడానికే.

కంగారా, జబ్బా?

పరీక్షల ముందు, పెళ్లి ముందు, అప్పు తీర్చలేని నెలలో కంగారు అందరికీ ఉంటుంది. దాన్ని జబ్బు అనక్కరలేదు. రకరకాల విషయాల మీద అదుపులేని చింత ఆరు నెలలకు పైగా, ఎక్కువ రోజులు వెంటాడుతూ, నిద్రనూ పనినీ చెడగొడుతుంటే దాన్ని వైద్యులు సర్వసాధారణ ఆందోళన రుగ్మతగా (జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్, జీఏడీ) గుర్తిస్తారు. దీన్ని అంచనా వేయడానికి 2006లో వచ్చిన జీఏడీ-7 అనే ప్రశ్నావళి ఇప్పుడు చాలా చోట్ల వాడుకలో ఉంది. గడిచిన రెండు వారాల గురించి ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 21. అయిదు నుంచి తేలిక, పది నుంచి మధ్యస్థం, పదిహేను నుంచి తీవ్రం. పది, ఆపైన వస్తే డాక్టరును కలవడం మంచిది. అది రోగ నిర్ధారణ కాదు కానీ, డాక్టరు ముందు కూర్చుని ‘ఏదో టెన్షన్‌గా ఉంటోందండీ’ అనడం కంటే ‘పద్నాలుగు వచ్చిందండీ’ అనడం సులువు. మూడు నెలల తర్వాత తగ్గిందో లేదో పోల్చి చూసుకోవడానికీ పనికొస్తుంది.

నాకు అంతకంటే ఉపయోగపడింది ఇంకొకటి. ఏమేం మానేశానో ఒక కాగితం మీద రాసుకున్నాను. ఏలూరులో మేనకోడలి పెళ్లి, సినిమా హాలు, లిఫ్టు, ఒంటరిగా రైలు, డాబా మీద పడక. అది చదువుకున్నప్పుడు అర్థమైంది, ఇది గ్యాస్ కాదని.

ఎవరి దగ్గరకు?

పల్లెల్లో మొదట కనిపించేది ఆర్ఎంపీ. నీరసంగా ఉంది, దడగా ఉంది అనగానే సెలైన్, బి కాంప్లెక్స్ ఇంజెక్షన్ ఎక్కించేస్తారు. ఎవరో పట్టించుకున్నారన్న ఊరట రెండు రోజులుంటుంది. అంతకు మించి ఆందోళనకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

న్యూరాలజిస్టు దగ్గరకు మనవాళ్లు వెళ్లేది పేరు కోసం. ‘నరాల డాక్టరుకు చూపించుకుంటున్నాం’ అంటే చుట్టాల్లో పరువుకు లోటుండదు. మూర్ఛ, పక్షవాతం, వదలని తలనొప్పి ఆయన సొంత రంగం. ఆందోళనకు ఆయన మందు రాయగలరు, రాస్తారు కూడా. కానీ మీ చింతలు కూర్చుని వినడానికి ఆయనకు వేళ ఉండదు.

మానసిక వైద్యుడు అంటే సైకియాట్రిస్ట్, ఎంబీబీఎస్ తర్వాత ఆ విభాగంలో పీజీ చేసిన డాక్టరు. రోగం ఏమిటో నిర్ధారించగలరు, మందు రాయగలరు, మోతాదు మార్చగలరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటల ద్వారా, అభ్యాసాల ద్వారా చికిత్స చేస్తారు. వారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు సంఖ్య ఉండాలి. అడగడానికి మొహమాటపడకండి. సరైనవారు అడగ్గానే చెబుతారు. ఇక ‘కౌన్సెలర్’ అనే బోర్డు చూసి మోసపోవద్దు. బాగా శిక్షణ పొంది ఎంతో మేలు చేసే కౌన్సెలర్లు ఉన్నారు. వారాంతపు కోర్సు చేసి బోర్డు పెట్టుకున్నవారూ ఉన్నారు. ఏం చదివారు, ఆందోళనకు ఏ పద్ధతి వాడతారు, ఎన్ని వారాల్లో మార్పు చూస్తారు అని మొదటి రోజే అడగండి. ‘నా దగ్గరకు వచ్చారు కదా, ఇక వదిలేయండి’ అని జవాబు వస్తే లేచి వచ్చేయండి.

మాత్రలు వద్దనుకున్నా సరే, ఒక్కసారి మానసిక వైద్యుణ్ణి కలవమని నా సలహా. పానిక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్ర భయం), నలుగురిలో బెరుకు, ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, చేసిందే మళ్లీ మళ్లీ చేయడం), కుంగుబాటు, ఇవన్నీ బయటికి ఒకేలా కనిపించినా వైద్యం తేడాగా ఉంటుంది. ముఖ్యంగా ఓసీడీని మామూలు ఆందోళనగా పొరబడితే ఏళ్లు వృథా అవుతాయి. ఎవరైనా చూస్తారన్న బెదురుంటే పక్క ఊరికి వెళ్లండి, తప్పేమీ లేదు. కాకపోతే నెలకోసారి వెళ్లి రాగలిగినంత దూరమే చూసుకోండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకోవడం మీ హక్కు.

మాత్రల్లో రెండు జాతులు

‘మాత్రలు అలవాటైపోతాయట కదా’ అని అందరూ అంటారు. ఆ భయం సగం నిజం. చీటీ మీద రాసింది ఏ జాతి మాత్రో తెలిస్తే ఆ సగం ఏదో తేలుతుంది.

మొదటి జాతి ఆల్ప్రజోలమ్, క్లోనాజెపామ్, లోరాజెపామ్, ఎటిజోలమ్ వంటివి. వేసుకున్న అరగంట గంటలో దడ దిగుతుంది, కునుకు పడుతుంది. అందుకే అందరికీ ఇష్టం. రోజూ వారాల తరబడి వాడితే ఒళ్లు వాటికి అలవాటు పడుతుంది, మోతాదు చాలదు, మానేస్తే మొదటికంటే ఎక్కువ ఆందోళన ముంచుకొస్తుంది. పెద్దవయసువారిలో తూలి పడటం, మతిమరుపు, అదనపు ప్రమాదాలు. మద్యంతో కలిస్తే ప్రాణం మీదకు రావచ్చు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాలు వీటిని గట్టి సంక్షోభంలో, కొద్దికాలానికి తప్ప ఈ రుగ్మతకు ఇవ్వవద్దంటాయి. మన దేశంలో ఆల్ప్రజోలమ్ షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు దుకాణదారు రిజిస్టరులో రాయాలి. నేను మాత్రం ఏళ్ల నాటి చీటీ చూపించి తెచ్చుకునేదాన్ని. ఆ తప్పులో నా వంతు ఉంది.

రెండో జాతి ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ వంటి ఎస్ఎస్ఆర్ఐలు. వీటితో అరగంటలో ఏమీ జరగదు. రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి పది పదిహేను రోజులు వికారం, తలనొప్పి, నిద్ర తేడా, కొందరికి ఆందోళనే కాస్త పెరగడం మామూలు. చాలామంది ఇక్కడే ‘మందు పడలేదు’ అని మానేస్తారు. మొదటిసారి నేనూ తొమ్మిదో రోజు మానేశాను. రెండోసారి డాక్టరు సగం మోతాదుతో మొదలుపెట్టి, ‘‘ఈ రెండు వారాలు బాగుండదమ్మా, ఐదో వారం వచ్చి నాతో మాట్లాడండి’’ అని ముందే చెప్పారు. ఆ ఒక్క మాటతో నిలదొక్కుకున్నాను. ఆరో వారంలో ఒక రోజు బస్సు దిగాక గుర్తొచ్చింది, వంతెన మీద ఆ పొట్లం సంగతే తలపుకు రాలేదని.

ఎస్ఎస్ఆర్ఐలు వ్యసనంగా మారవు. ఇంకా ఇంకా కావాలనిపించదు, మోతాదు పెంచుకుంటూ పోనక్కరలేదు. అయినా ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు తగిలినట్టు అనిపించడం ఉంటాయి. అందుకని డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. బాగయ్యాక కూడా ఆరు నెలల నుంచి ఏడాది దాకా కొనసాగించమంటారు. లైంగిక ఆసక్తి తగ్గడం చాలామందిలో కనిపించే ఇబ్బంది. మనవాళ్లు సిగ్గుతో చెప్పరు, చెప్పకుండా మందు మానేస్తారు. చెబితే మందు మార్చడమో, మోతాదు సర్దడమో చేస్తారు. ఇరవై అయిదేళ్ల లోపు వారిలో మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం కొంత ఉంటుంది కనుక ఇంట్లో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. గర్భవతులు, పాలిచ్చే తల్లులు సొంతంగా మొదలుపెట్టనూ కూడదు, సొంతంగా మాననూ కూడదు.

మన దగ్గర ఒక పద్ధతి ఉంది, దాని గురించి గట్టిగా చెప్పాలి. ఎస్సిటాలోప్రామ్, క్లోనాజెపామ్ రెండూ కలిపిన ఒకే మాత్ర విరివిగా దొరుకుతుంది. గుండె దడ తగ్గించే ప్రొప్రనోలాల్‌తో క్లోనాజెపామ్‌నో ఎటిజోలమ్‌నో కలిపినవీ ఉన్నాయి. మొదటి రెండు మూడు వారాలు, ఎస్ఎస్ఆర్ఐ పట్టుకునే లోపు, రెండోది తోడుగా ఉండటంలో అర్థముంది. కానీ ఆ జంట మాత్రే రెండేళ్లు కొనసాగితే, మీరు మంచి మందు వాడుతున్నామనుకుంటూనే అలవాటయ్యే మందును రోజూ మింగుతున్నట్టు. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో రెండు పేర్లున్నాయేమో చూడండి. ఉంటే, ‘రెండోది ఎప్పుడు ఆపుతారండీ?’ అని అడగండి. చాలాకాలంగా వాడుతుంటే మాత్రం ఇది చదివి రేపే ఆపేయకండి. ఈ జాతి మందులను హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. నా పొట్లం అప్పుడప్పుడే తెరుచుకునేది కనుక నాకు ఆ బాధ లేకపోయింది. రోజూ వాడేవారికి వారాలు, నెలలు పట్టే లెక్క ప్రకారం తగ్గిస్తారు.

ప్రొప్రనోలాల్ గురించి ఒక్క మాట. వేదిక ఎక్కే ముందు చేతుల వణుకు, దడ తగ్గిస్తుంది. లోపలి చింతను తగ్గించదు. ఉబ్బసం ఉన్నవారికి పనికిరాదు.

మాటల చికిత్స

సీబీటీ అనే, ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే పద్ధతిని 1960లలో ఆరన్ బెక్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు రూపొందించాడు. నైస్ సిఫారసు వారానికోసారి గంట చొప్పున 12 నుంచి 15 సెషన్లు. మనసు విప్పి మాట్లాడుకోవడమే చికిత్స అనుకుని వెళ్లాను. మొదటి రోజే మా సైకాలజిస్టు నా చేత 60 పేజీల నోటుపుస్తకం కొనిపించారు.

ప్రతి పేజీలో నాలుగు గడులు. ఏం జరిగింది, ఏం ఆలోచన వచ్చింది, భయం నూటికి ఎంత, తర్వాత నిజంగా ఏమైంది. రెండు నెలల్లో ‘బస్సు మధ్యలో ఆగిపోతుంది, ఊపిరాడక పడిపోతాను’ అని 43 సార్లు రాశాను. బస్సు ఆగింది రెండుసార్లు, రెండూ ట్రాఫిక్ వల్ల. పడిపోయింది సున్నా. నాలుగో గడిలో నా చేతిరాతతోనే ‘ఏమీ కాలేదు’ అని 43 సార్లు ఉంది. అదే మాట డాక్టర్లు చెబితే ఒక రాత్రి నిలిచేది. నేను రాసుకున్నది నిలిచిపోయింది.

ఆ తర్వాత మెట్లు. మొదటి మెట్టు, కొవ్వూరులో గోష్పాద క్షేత్రం దగ్గర గట్టు మీద ఇరవై నిమిషాలు నిలబడి వంతెన కేసి చూడటం. రెండోది మా వారి పక్కన కూర్చుని దాటడం. తర్వాత ఆయన వెనక సీట్లో, ఆ తర్వాత ఆయన తర్వాతి బస్సులో. తర్వాత పొట్లంతో ఒంటరిగా. ఆఖరుకు పొట్లాన్ని ఆయన చొక్కా జేబులో పెట్టి ఎక్కడం. ఆ రోజు వంతెన మధ్యలో, కింద అంతస్తులో రైలు వెళ్తూ బస్సు అదిరినప్పుడు నా భయం నూటికి 85. ఫోనూ తీయలేదు, కళ్లూ మూసుకోలేదు. కిటికీ కడ్డీ పట్టుకుని నీళ్ల కేసి చూశాను. రాజమండ్రి వైపు దిగేసరికి 40. పానిక్ సాధారణంగా పది నిమిషాల్లో పతాక స్థాయికి చేరి తనంతట తానే దిగుతుందని ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా, అది దిగడాన్ని మాత్ర లేకుండా చూడటం అదే మొదటిసారి. భయం తగ్గాక ఎక్కుదామని ఆరేళ్లు ఆగాను. ఎక్కుతూ ఉంటేనే తగ్గింది.

మరి మాత్రా, థెరపీనా? స్వల్పకాలంలో రెండూ ఇంచుమించు సమానంగా పనిచేస్తాయి. మాత్ర చవక, ఊళ్లో దొరుకుతుంది, పుస్తకం పట్టుకునే ఓపిక కూడా లేనివారికి అదే ముందు. థెరపీ ఖరీదు, నా సెషన్ ఒక్కోటి 1200 రూపాయలు, ఇంటిపని కూడా ఉంటుంది. కానీ ముగిశాక నేర్చుకున్నది మీతోనే ఉంటుంది. మాత్ర ఆపాక తిరగబెట్టే అవకాశం అంతకంటే ఎక్కువ. తేలిక, మధ్యస్థ స్థాయిలో ఉండి మంచి సైకాలజిస్టు అందుబాటులో ఉంటే నేను థెరపీతో మొదలుపెట్టమంటాను. నిద్ర, తిండి, ఉద్యోగం అన్నీ దెబ్బతిన్నా, కుంగుబాటు తోడైనా మందుతో మొదలుపెట్టి, కాస్త తేరుకోగానే థెరపీ జతచేయండి. ఏది ఎంచుకున్నా ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఇవ్వకుండా పక్కకు దూకవద్దు.

థెరపీ ఏ భాషలో అన్నది చిన్న విషయం కాదు. ‘బెంగ’, ‘ఉలికిపాటు’, ‘గుండెలో రాయి పడ్డట్టు’, వీటిని ఇంగ్లిషులో చెప్పబోతే చెప్పదలచుకున్నది సగం జారిపోతుంది. పరాయి దేశంలో ఉన్న తెలుగువారు తమ భాషవారి కోసం కొంచెం ఎక్కువ వెతికినా ఫలితముంటుంది. ఇంగ్లండ్‌లో ఉన్నవారు డాక్టరు సిఫారసు లేకుండా నేరుగా ఎన్‌హెచ్ఎస్ టాకింగ్ థెరపీస్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు, అది ఉచితం, దుబాసీని కూడా అడగవచ్చు.

యోగా, ధ్యానం

ఇంట్లో అందరూ ముందు చెప్పేది ఇదే కనుక కొట్టిపారేయకుండా లెక్క చూద్దాం. 2020లో జామా సైకియాట్రీ పత్రికలో వచ్చిన అధ్యయనంలో సర్వసాధారణ ఆందోళన రుగ్మత ఉన్న 226 మందికి 12 వారాలు చికిత్స చేశారు. మెరుగైనవారు సీబీటీలో సుమారు 71 శాతం, కుండలినీ యోగాలో 54 శాతం, కేవలం ఒత్తిడి గురించి పాఠాలు విన్నవారిలో 33 శాతం. అంటే యోగా పనిచేస్తుంది, సీబీటీ అంత కాదు. ధ్యానం సంగతి ఇంకా ఆశ కలిగిస్తుంది. అదే పత్రికలో 2022లో వచ్చిన జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ పరిశోధనలో, 276 మందిపై ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ ఎస్సిటాలోప్రామ్‌కు తీసిపోలేదు. అయితే అందులో పాల్గొన్నవారు వారానికోసారి రెండున్నర గంటల తరగతికి వెళ్లి, రోజూ ఇంటి దగ్గర 45 నిమిషాలు కూర్చున్నారు. ఫోనులో పది నిమిషాల ధ్యానం విని ‘నాకు పనిచేయలేదు’ అనేవారు ఆ మోతాదు గుర్తుంచుకోవాలి.

ప్రాణాయామాన్ని నేను ఇప్పటికీ రోజూ చేస్తాను. కానీ వంతెన మీద మాత్రం చేయను. అక్కడ చేస్తే అదీ ఇంకో పొట్లం అయిపోతుంది.

అశ్వగంధ వంటివి వాడేవారు డాక్టరుకు చెప్పి వాడండి. థైరాయిడ్ మీద ప్రభావం చూపవచ్చు, అరుదుగా కాలేయానికి దెబ్బ తగిలిన సందర్భాలున్నాయి. ఇక మగవారిలో చాలామంది ఎవరితోనూ చెప్పకుండా ఎంచుకునే మార్గం సాయంత్రం మద్యం. ఆ రెండు గంటలకు నిజంగానే దడ తగ్గుతుంది, తెల్లవారుజామున రెట్టింపై లేపుతుంది. నేను చెప్పిన కొలబద్దకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు.

డబ్బు, దూరం

ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక విభాగం ఓపీ ఉంటుంది. మావైపు కాకినాడ జీజీహెచ్, ఓరుగల్లులో ఎంజీఎం, హైదరాబాదులో గాంధీ, ఉస్మానియా. విశాఖపట్నంలోనూ, ఎర్రగడ్డలోనూ ప్రత్యేక ఆసుపత్రులున్నాయి. ఆ పేరు వింటేనే మనవాళ్లు జంకుతారు. ఓపీకి వెళ్లేవారిలో నిద్ర పట్టక, దడతో వచ్చేవారు ఎందరో ఉంటారు, చీటీ రాయించుకుని మధ్యాహ్నానికి ఇంటికి వస్తారు. అక్కడ మందులు ఉచితం. లోటల్లా సమయం. డాక్టరు అయిదు నిమిషాలకు మించి ఇవ్వలేరు, వారం వారం థెరపీ అందరికీ దొరకడం కష్టం. ప్రైవేటులో సమయం దొరుకుతుంది, డబ్బు పోతుంది. నేనైతే రెండూ కలుపుతాను. మందు ప్రభుత్వ ఆసుపత్రిలోనో జన ఔషధి దుకాణంలోనో తీసుకుని, మిగిలిన డబ్బు పదో పన్నెండో థెరపీ సెషన్లకు పెడతాను. నెలరోజుల ఎస్సిటాలోప్రామ్ జెనరిక్ ధర ఒక్క సెషన్ ఫీజులో చిన్న భాగమే.

ఆరోగ్య బీమాలో మానసిక అనారోగ్యానికి శారీరక అనారోగ్యంతో సమానంగా చోటివ్వాలని 2017 చట్టం చెబుతుంది. కాకపోతే మామూలు పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి. ఆందోళనకు చాలావరకు చేరే పని ఉండదు. కాబట్టి ఓపీ ఖర్చులు ఇచ్చే పాలసీ కాకపోతే బీమా మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇంట్లోవాళ్లు

మా అత్తగారు రోజుకు పదిసార్లు అనేవారు, ‘‘ఏమీ కాదమ్మా, ధైర్యంగా ఉండు’’ అని. ప్రేమతోనే. మా వారు నేను అడిగినప్పుడల్లా నాడి పట్టుకుని ‘బాగానే ఉంది’ అనేవారు. రాత్రి రెండింటికి లేపినా విసుక్కోలేదు. మూడో సెషన్‌కు సైకాలజిస్టు ఆయన్ను కూడా రమ్మన్నారు. నాడి చూడటం మానేయమన్నారు. ఆయన ముఖం చిన్నబోయింది. ఇంతకాలం చేసిన సేవ తప్పన్నట్టు తోచింది పాపం. ‘‘మీరు పక్కనే ఉండండి. ‘ఇది కష్టంగా ఉందని తెలుసు, దిగేదాకా నీతో కూర్చుంటాను’ అనండి. ఏమీ కాదని మాత్రం హామీ ఇవ్వకండి’’ అని ఆవిడ చెప్పారు. మొదటి వారం ఇద్దరికీ నరకం. నేను చేయి చాపేదాన్ని, ఆయన ఆ చేయి పట్టుకునేవారు, మణికట్టు మీద వేలు మాత్రం పెట్టేవారు కారు. మూడో వారానికి నేను అడగడం మానేశాను.

ఆందోళన ఉన్నవారి ఇంట్లో మీరు ఉంటే మీరు చేయగల పెద్ద సాయం అలాంటిదే. వారి బదులు బ్యాంకుకు వెళ్లడం, వారి బదులు ఫోను మాట్లాడటం కొంచెం కొంచెంగా తగ్గించండి, చెప్పి తగ్గించండి. మందు వేళ గుర్తుచేయండి. ‘అన్నీ ఉండి ఏం తక్కువని ఈ దిగులు’ అనే మాట ఒక్కటి నోట రానివ్వకండి.

మీ ఊళ్లో ఎవరూ లేకపోయినా, ఇంట్లో చెప్పుకోలేకపోయినా టెలీ మానస్ ఉంది. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత ఫోను సేవ. నంబరు 14416, లేదా 1800-891-4416. పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్యుడికి కలుపుతారు. పెద్ద జబ్బే ఉండాలని లేదు, ఎవరి దగ్గరకు వెళ్లాలో తెలియడం లేదు అన్నా చాలు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే డాక్టరు అపాయింట్‌మెంటు దాకా ఆగకండి. ఇప్పుడే ఆ నంబరుకు చేయండి, లేదా 108కి. పక్క గదిలో ఎవరుంటే వారిని లేపండి.